వెంకీ వల సీసం

రాజాం బజారులో రంగుల కొట్టు ఆనంద్‌కుమార్ ఎక్కడ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. బొమ్మల పిచ్చోడు ఎక్కడ అని అడిగినా ఆ కొట్టే చూపిస్తారు. కొట్టు మా నాన్న ఇచ్చిపోయాడు. పిచ్చి మాత్రం నా స్వార్జితం.

పాత యుద్ధాల్ని బల్ల మీద ఆడే ఆట ఒకటుంది. బొటనవేలంత సైనికుల్ని వందలకొద్దీ బారులు తీర్చి, కొలబద్దతో కొలిచి ముందుకి జరుపుతారు. పాచికలు వేసి ఎవడు చచ్చాడో తేలుస్తారు. చిన్నపిల్లల వ్యవహారం అనుకునేరు, ఆడేవాళ్లలో సగం మందికి బట్టతల. నేను ఆడింది తక్కువ, రంగులు వేసింది ఎక్కువ. నాలుగు వెంట్రుకల బ్రష్షుతో ఒక్కొక్కడికీ మీసం, నామం, నడుం పట్టీ దిద్దుతుంటే ఆకలి కూడా తెలిసేది కాదు. మేడ మీద గదిలో రెండు బీరువాల నిండా మరాఠా గుర్రాలు, ఫ్రెంచి ఫిరంగులు, కుంఫిణీ సిపాయిలు ఉండేవారు.

ఆ గదిలోకి నేను రానిచ్చేది ఒక్క హైమనే. హైమ నా భార్య, గజపతినగరం పిల్ల. నేను రంగులు వేస్తుంటే గుమ్మంలో కూర్చుని పేపరు చదివి వినిపించేది. జోకు చెప్పకముందే తనే నవ్వేసేది, అందుకని ఆమె జోకు ఒక్కటీ నేను పూర్తిగా వినలేదు. తలపాగాలకి ఏ రంగు వెయ్యాలో తనే చెప్పేది. నేను కాదని గంటసేపు వాదించి చివరికి ఆ రంగే వేసేవాణ్ణి. మాకు పిల్లల్లేరు. హైమ అంటే నాకు ప్రాణం. ఆ ముక్క పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆమెతో అనలేదు, అదొక వెధవ బిగువు.

2017 వేసవిలో బెంగుళూరు నుంచి నరసింగరావు గారు ఫోన్ చేశారు. ఈ ఆటలో పెద్ద చెయ్యి ఆయన. జనవరిలో అక్కడ జరిగే ప్రదర్శనలో పద్మనాభం యుద్ధం మొత్తం బల్ల మీద పరుద్దాం అన్నారు. 1794లో విజయనగరం రాజుగారికీ కుంఫిణీకీ జరిగిన యుద్ధం. కుంఫిణీ బొమ్మలు ఇంగ్లండులో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. మన రాజుగారి బంట్లని ప్రపంచంలో ఎవడూ పోత పొయ్యడు. కాబట్టి నేనే పొయ్యాలి. ఒక బంటుని చేత్తో మలిచి, రబ్బరు అచ్చు తీసి, అందులో కరిగిన సీసం పోస్తే ఎంతమంది కావాలంటే అంతమంది పుడతారు.

సీసానికి నేను వెళ్లేది కళింగపట్నం. వలలు బరువుగా మునగడానికి అంచున సీసం ముక్కలు కడతారు. పాత వలల సీసం మెత్తగా, శుభ్రంగా ఉంటుంది. అక్కడ నూకయ్య అని ఒకడు నాకు అలవాటు. ఆ ఆషాఢంలో వాడు సీసం ముక్కలు కాదు, వలంతా మోసుకొచ్చాడు. వల కొత్తదే. సీసం ముక్కల మీద పంటిగాట్లున్నాయి, ఎవరో పళ్లతో నొక్కి తాడుకి బిగించినట్టు. "ఇదెవరిదిరా" అన్నాను. "మా ఓల్లదే సావుకారూ, అడిగీవోలు లేరు" అన్నాడు. అడిగేవాళ్లు లేని సరుకంటే నాకు మహా ఇష్టం. పట్టుకొచ్చేశాను.

ఆ సీసంతో ఇరవైమంది వచ్చారు. అచ్చులోంచి తీసి చూస్తే అందరి నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి. నేను మలిచినవాడి నోరు మూసి ఉంది. అదే అచ్చులో అంతకుముందు పోసిన వాళ్ల నోళ్లూ మూసే ఉన్నాయి. గాలి బుడగ పట్టిందనుకుని ఆ నోళ్లలో లప్పం కూరి మూసేశాను. మిగతా పోత మాత్రం అద్భుతం. కనుగుడ్డు మీద రెప్ప అంచు కూడా తెలుస్తోంది. నా జన్మలో అంత మంచి బొమ్మలు పొయ్యలేదు.

రంగు మాత్రం ఒక పట్టాన అంటేది కాదు. పొద్దున్నే చూస్తే బొమ్మలు తడిసి ఉండేవి. తుడిస్తే మళ్లీ చెమర్చేవి. నాలిక చివర అద్ది చూశాను, ఉప్పు. మేడంతా నీచు వాసన. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా అడుగు పెట్టదు. హైమ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మేడ మీద చేపల దుకాణం ఎప్పుడు పెట్టారండీ" అని తనే నవ్వింది. నేను కసిరాను.

కార్తీకంలో ఒక ఉదయం కొట్టు తెరిచేసరికి మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు లక్ష్మణమ్మ అని చెప్పింది. కళింగపట్నం నుంచి మొదటి బస్సుకి వచ్చిందట.

"సావుకారూ, మా మరిది నూకయ్య నీకో వలమ్మినాడంట. అది నా కొడుకు వెంకీది."

"ఆ వల ఇప్పుడు లేదు. సీసం కరిగించేశాను."

"కరిగితే ఏటి బాబూ, సీసం సీసమే కదా. ఏ రూపంలో ఉన్నాదో అలగే ఇచ్చీ. ఎల్లుండితో ఏడాదవుతాది."

లోపల్నుంచి హైమ వచ్చి ఆమెని ఇంట్లోకి తీసుకెళ్లింది. కాఫీ ఇచ్చి కూర్చోబెడితే ముసలామె మెల్లగా చెప్పుకొచ్చింది. నిరుడు వెంకీ వేటకి పోయాడు. తెప్ప ఒడ్డుకి కొట్టుకొచ్చింది, మనిషి దొరకలేదు. శవం దొరకనివాడికి వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. ఏడాది చూస్తారు. రాకపోతే వాడు పంటితో బిగించిన సీసాన్నే వాడి ఒళ్లుగా పూడుస్తారు.

"ముందర పిలవాల," అంది. "సీసం సేతిలో ఎట్టుకుని, సముద్రానికి ఈపు తిప్పి నిలబడి, పేరెట్టి మూడుసార్లు పిలవాల. అప్పుడొచ్చి సీసంలో దిగుతాడు. పూడిస్తే మట్టయిపోతాడు. లేపోతే ఆ నీల్లలోనే నానతా ఉంటాడమ్మా."

"నువ్వే పిలుస్తావా?" అంది హైమ.

"కన్నోలు పిలవకూడదు. ఆల్లనే అంటుకుంటాడు. పరాయోలు పిలవాల. మావోలెవులూ రామంటన్నారు, బయమంట."

నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను. మేడ మీద సగం రంగులు పడ్డ ఇరవైమంది కళ్ల ముందు మెదులుతున్నారు. బెంగుళూరు ప్రదర్శన మెదులుతోంది. "చచ్చినవాడికి సీసమెందుకు, సముద్రంలో ఇంకో వలే లేదా" అన్నాను. ముసలామె లేచింది. ఆ మాట విననట్టే కాఫీ గ్లాసు కడిగి బోర్లించింది.

ఆమె చావడిలో నడుం వాల్చాక హైమ మేడెక్కి వచ్చింది. "ఇరవై బొమ్మలు. మళ్లీ పోసుకోగలరు. ఆవిడకి ఇంకో కొడుకుని పోసిస్తారా?"

"సరే, తీసుకుపో" అన్నాను. అంత తొందరగా ఒప్పుకుంటానని ఆమె అనుకోలేదు. నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆవిడ తరఫున తనే పిలుస్తానంది.

ఆ సాయంత్రం కొట్టు వెనక పడున్న పాత బ్యాటరీల సీసం కరిగించి అదే అచ్చులో ఇంకో ఇరవైమందిని పోశాను. అందరి నోళ్లూ మూసే వచ్చాయి. బిస్కట్ డబ్బాలో దూది పరిచి పేర్చాను. అసలువాళ్లని బీరువా వెనక్కి నెట్టాను. మీరు నన్ను తిట్టుకుంటున్నారు, తిట్టుకోండి. అప్పుడు నాకు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోవాలనిపించింది.

మూడో రోజు పొద్దున్న వాళ్లు బయల్దేరుతున్నారు. హైమ డబ్బా సంచిలో పెట్టుకుంటూ ఊరికే అడిగినట్టు అడిగింది. "పిన్నీ, ఒకవేళ సీసం మారిపోతే?"

"అలగెవులైనా సేస్తారేటమ్మా," అంది లక్ష్మణమ్మ. "సేస్తే ఆడికి దిగడానికి సోటుండదు. పిలిచినోలే సోటవుతారు."

నేను విన్నాను. చెవులారా విన్నాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా... "బయల్దేరండి, బస్సు వెళ్లిపోతుంది."

ఆ రోజు వాయుగుండం. కొట్టు మూసేశాను. మధ్యాహ్నం మూడింటికే ఇంట్లో చీకటి పడింది, కరెంటు పోయింది. మేడ మీద కిటికీ రెక్కలు మూసి, కొవ్వొత్తి వెలిగించి, అసలువాళ్లని బల్ల మీద బారులు తీర్చాను. బెంగుళూరు పెట్టెలో సర్దాలి. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నీచు వాసన మాత్రం గొంతులో అడ్డం పడుతోంది.

బల్ల తడిగా తగిలింది. పైకప్పు కారుతోందేమో అని చూశాను. కారడం లేదు.

నీళ్లు బొమ్మల్లోంచి వస్తున్నాయి. ఒక్కొక్కడి పాదాల దగ్గర చిన్న మడుగు. మడుగులు కలిసి బల్ల అంచు మీంచి కిందికి కారుతున్నాయి. తుడిచాను. గుడ్డ పిండాను. మళ్లీ తుడిచాను.

టిక్.

ఒక లప్పం ముక్క ఊడి బల్ల మీద పడింది. ఇంకోటి... ఇంకోటి... ఇరవై నోళ్లూ తెరుచుకున్నాయి.

నేను కదల్లేదు. కదిలితే చూస్తాయేమో అనిపించింది.

అప్పుడు వినిపించింది. చాలా దూరం నుంచి, గాలిలో కొట్టుకుపోతూ... "వెంకీ..."

అది హైమ గొంతు. కళింగపట్నం ఇక్కడికి డెబ్బై కిలోమీటర్లు.

"వెంకీ..."

ఆ ఇరవై నోళ్లలోంచే వస్తోంది. ఒక్క క్షణం మనసులో ఏదో గింజుకుంది. ఫోన్ చెయ్యి, ఆపమను, నిజం చెప్పు అంది. ఫోన్ నా పక్కనే ఉంది. హైమకి నా అబద్ధం తెలిసిపోతుంది కదా అనుకున్నాను. అంతే. దానికోసమే ఆగాను.

"వెంకీ..."

మూడు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. కొవ్వొత్తి నిటారుగా వెలుగుతోంది. బల్ల పొడిగా ఉంది. బొమ్మల్ని ముట్టుకుంటే పొడిగా, చల్లగా ఉన్నాయి. నోళ్లు మూసుకున్నాయి, నేను మలిచినట్టే. వాసన కూడా పోయింది. పీడ విరగడైందని పెద్దగా ఊపిరి పీల్చుకుని, ఇరవైమందినీ దూదిలో చుట్టి పెట్టెలో సర్దేశాను. ఆ పని చేస్తూ ఈల కూడా వేశాను.

దీపాల వేళకి ఆటో ఆగింది. లక్ష్మణమ్మ దిగి హైమని చెయ్యి పట్టుకుని దింపింది. హైమ నిలువునా తడిసి ఉంది. గడప దాటి వచ్చి, వాకిట్లోనే గొంతుకూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోలేదు. నా వైపు చూసింది. ఆ చూపులో నేనెవరో తెలిసిన గుర్తు లేదు.

"కూడెట్టండి," అంది. "ఎండుసేపల్లేవేటి?"

గొంతు ఆమెదే. మాట ఆమెది కాదు.

లక్ష్మణమ్మ నా దగ్గరకి వచ్చి చెవిలో చెప్పినట్టు అడిగింది. "ఏ సీసం ఇచ్చినావు సావుకారూ?"

నేను మేడ మెట్ల వైపు చూశాను.

"మూడో పిలుపుకి నీల్లలోంచి పలికినాడు. డబ్బాలో దిగలేదు. పిలిచిన పాపలో దిగినాడు." ముసలామె కోపంగా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆమె కళ్లు ఆనందంతో నీళ్లు తిరిగి ఉన్నాయి. "ఏడాదయినాది ఆడు అమ్మా అని పిలిచి. దారంతా పిలస్తానే ఉన్నాడు."

నేను తిప్పని ఆసుపత్రి లేదు. శ్రీకాకుళంలో డాక్టరు మనసుకి దెబ్బ తగిలిందన్నాడు, మాత్రలు రాశాడు. గజపతినగరం నుంచి మా అత్తగారు లక్ష్మీనరసమ్మ వచ్చి, కూతురు పెరట్లో కూర్చుని బట్టలారేసే తాడుతో వల అల్లుతుంటే చూసి, ఆ సాయంత్రమే జ్వరం పట్టుకుని వెళ్లిపోయింది. హైమ నన్ను సావుకారూ అని పిలిచేది. బీరువా తాళాలు నోట్లో పెట్టుకుని పళ్లతో నొక్కేది. పై పన్ను ఒకటి విరిగింది, రక్తం కారుతున్నా నొక్కుతూనే ఉంది. నేను పక్కన కూర్చుని, పదకొండేళ్లు దాచుకున్న మాట రోజుకి వందసార్లు చెప్పాను. వినేవాడు మొగాడు. సిగ్గుపడి నవ్వేవాడు.

ఆదివారం ఆదివారం లక్ష్మణమ్మ వచ్చేది. చేపల కూర కుండతో తెచ్చి, నా వంటింట్లో అన్నం కలిపి, ముద్దలు చేసి నా భార్యకి తినిపించేది. "బాగా సిక్కిపోనావు నాయినా" అనేది. నేను ఆమె కాళ్ల మీద పడ్డాను. కోపం వచ్చి జుట్టు పట్టుకుని ఈడ్చాను కూడా. అప్పుడు హైమ చేతులు నా మెడ మీద పడ్డాయి. ఆ చేతుల్లో తెడ్డు వేసేవాడి బలం ఉంది.

చివరికి నరసింగరావు గారిని బతిమాలి, బెంగుళూరు పంపేసిన బొమ్మలు వెనక్కి తెచ్చుకున్నాను. ప్రదర్శన అయిపోయింది, మొదటి బహుమతి వచ్చింది. ఆయన పెట్టె ఇస్తూ అదోలా చూశారు. "ఇవి పక్కన ఉంటే ఇంట్లో ఎవరో ఆడమనిషి ఏడుస్తున్నట్టు ఉంటోందయ్యా, మా ఆవిడ తీసెయ్యమంటోంది" అన్నారు. ఆ మాట నా బుర్రకెక్కలేదు. పెట్టె తెచ్చి ఆదివారం లక్ష్మణమ్మ ముందు పెట్టాను.

"ఇదే నీ కొడుకు సీసం. ఒట్టు. ఇప్పుడైనా పిలిచి ఇందులోకి దింపు. నా హైమని నాకిచ్చెయ్."

ఆమె ఒక బొమ్మని తీసి అరచేతిలో తూచింది. చెవి దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టెలో పెట్టేసింది. "అప్పుడైతే బొమ్మయినా సరిపోయీది. ఇప్పుడాడికి కాల్లూ సేతులూ ఉన్న ఒల్లున్నాది. బొమ్మలోకి ఎందుకు దిగుతాడు? ముక్కూ మొకం లేకుండా కరిగించి ముద్ద సేసి తే. సూద్దాం."

అప్పటికప్పుడే మేడెక్కాను. డాబా మీద గ్యాస్ పొయ్యి వెలిగించి, పోత గరిటెలో మొదటివాణ్ణి పడుకోబెట్టాను. మిగతా పంతొమ్మిదిమందీ పక్కనే పెట్టెలో ఉన్నారు. ఎండ బాగా కాస్తోంది. ముందు రంగు బుడగలెక్కింది. తలపాగా నల్లబడింది. పాదాల దగ్గర సీసం మెరిసి జారడం మొదలైంది.

"ఏవండీ... మండుతోందండీ..."

హైమ. నా హైమ. నాలుగు నెలల తర్వాత నన్ను ఏవండీ అంది. మంత్రం పారింది, తిరిగొచ్చేసింది అనుకుంటూ మెట్లు రెండేసి దిగి కిందికి పరిగెత్తాను.

వాకిట్లో హైమ గొంతుకూర్చుని ఉంది. నోటి నిండా ముద్ద, బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. లక్ష్మణమ్మ ఇంకో ముద్ద కలుపుతోంది. ఆ నోటితో మాట్లాడటం కుదరదు. నన్ను చూసి, ముద్ద నమలకుండానే, విరిగిన పన్ను కనబడేలా నవ్వింది.

"ఏటి సావుకారూ, అప్పుడే దిగొచ్చీసినావు," అంది లక్ష్మణమ్మ తలెత్తకుండా. "పొయ్యి ఆపినావా?"

ఆపలేదు.

మెట్లెక్కుతుంటే పైనుంచి వినిపిస్తూనే ఉంది. ఏవండీ... ఏవండీ... తర్వాత మాటలు లేవు, ఒట్టి అరుపు. నేను డాబా మీదికి చేరేసరికి అదీ ఆగింది. గరిటెలో మనిషి ఆకారం లేదు. సీసం నిండుగా, కదలకుండా ఉంది. పెట్టెలో పంతొమ్మిదిమంది నోళ్లూ తెరుచుకుని ఉన్నాయి.

పొయ్యి కట్టేశాను. ఇంకెవరినీ కరిగించలేదు. కరిగించమని లక్ష్మణమ్మ మొన్న ఆదివారం వచ్చి మళ్లీ అడిగింది. చెవి దగ్గర పెట్టుకుని తనేం విన్నదో ఎంత అడిగినా చెప్పదు.

ఆ గరిటె అలాగే మేడ మీద గదిలో, తడి గోనెసంచి మీద పెట్టాను. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. సీసం ఆ రోజే గట్టిపడింది, గోరు కూడా దిగదు. చల్లారడం మాత్రం లేదు. ఇందాక మళ్లీ అరచెయ్యి ఆనించి చూశాను. మనిషి నుదురంత వెచ్చగా ఉంది.